రంపానికి ఐదువేలు: నూజివీడు మామిడి తోటలో రెండు సీజన్ల లెక్క

రైతుగారు నేను కొన్న జపాన్ కత్తిరింపు రంపాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి ఐదువేల రెండొందలా? ఆ డబ్బుకి మిషన్ రంపమే వస్తుంది గదయ్యా" అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు. చవకరకం చెయిన్ సా ఒకటి దాదాపు ఆ ధరకే దొరుకుతుంది. నా దగ్గర అప్పటికి సరైన జవాబు లేదు. "తోట అయ్యాక లెక్క చెప్తానండీ" అన్నాను. ఆ లెక్కే ఇది.

నేను పదకొండేళ్ళుగా మామిడి తోటల్లో కత్తిరింపుల కాంట్రాక్టు చేస్తున్నాను. ఉద్యానం డిప్లొమా చదివాను గానీ, పని నేర్చుకున్నది మాత్రం చెట్ల మీదే. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, తిరువూరు, ఇదీ నేను తిరిగే ప్రాంతం. కాయ కోతలు అయిపోయిన జూన్ చివర్లో మొదలుపెట్టి ఆగస్టు నెలాఖరుకి ముగించాలి. అంతకన్నా ఆలస్యమైతే కొత్తగా వచ్చిన ఇగురు ముదిరే టైం ఉండదు, డిసెంబరు, జనవరిలో రావాల్సిన పూత దెబ్బతింటుంది. అంటే ఏడాదికి నాకు దొరికేది వానలూ పండగలూ పోను నలభై అయిదు రోజుల పని. ఆ నలభై అయిదు రోజుల్లో రంపం బాగా తెగకపోతే ఆ నష్టం మళ్ళీ పూడదు.

ఈ తోట ఎనిమిదెకరాలు. ముప్ఫై అయిదేళ్ళ చెట్లు, ఎక్కువ బంగినపల్లి, గట్ల వెంబడి కలెక్టరు (తోతాపురి), ఓ మూలన పది దాకా చిన్నరసాలు. పది మీటర్ల ఎడం, ఎకరానికి నలభై చొప్పున పెట్టారు. చచ్చినవి పోను మూడొందల చెట్లుంటాయి. పైకి చూస్తే పచ్చగా గొడుగుల్లా ఉన్నాయి. లోపలికి దూరితే చీకటి. ఒకదాని మీద ఒకటి పడుకున్న కొమ్మలు, ఎండుపుల్లలు, చాలా చెట్లకి బదనిక, అంటే కొమ్మ మీదే మొలిచి దాని సారం పీల్చే మొక్క. కాపు మొత్తం చుట్టూ అంచున, అదీ నిచ్చెనకి అందని ఎత్తులో. ఇలాంటి తోటకి మేం చేసేది నడుమ తెరవడం. మధ్యలో నిలువుగా పోయిన కొమ్మలు రెండు మూడు తీసేసి ఎండ లోపలికి దిగేలా చెయ్యాలి. రాసుకుంటున్న కొమ్మల్లో ఒకటి తియ్యాలి, బదనిక పట్టిన చోటుకి కిందుగా కోసెయ్యాలి. చెట్టుకి సగటున అయిదారు పెద్ద కోతలు, మిగతాది చిల్లర పని.

ఆరంగుళాలు దాటిన కొమ్మలకి మిషన్ రంపం వేరే మనిషి పట్టుకొస్తాడు. అది రెండు చేతులతో పట్టుకోవాల్సిన వస్తువు. చెట్టు మీద ఒక చెయ్యి కొమ్మ పట్టుకుని ఉండగా దాన్ని వాడే వాళ్ళని చూశాను, వాళ్ళని పనికి పిలవడం మానేశాను. కాబట్టి ఇక్కడ మాట్లాడేది రెండంగుళాల నుంచి ఆరంగుళాల దాకా, చెట్టెక్కి చేత్తో కోసే కోతల గురించే.

మా దగ్గర అప్పటిదాకా ఉన్నవి రెండు రకాలు. ఒకటి వడ్రంగి వాడే చేతి రంపం, ముందుకి తోసినప్పుడు తెగేది. రెండోది విత్తనాల షాపుల్లో నాలుగైదొందలకి దొరికే వంపు తిరిగిన కత్తిరింపు రంపం, వెనక్కి లాగినప్పుడు తెగేది. మొదటి దాన్ని చెట్టు మీద వాడటమంటే సగం బలం నిలదొక్కుకోవడానికే పోతుంది. తొయ్యాలంటే వెనకాల ఒంటి బరువు ఉండాలి. కాలికింద ఉన్నది జారే కొమ్మ. పైగా ఆ పళ్ళు ఎండు చెక్క కోసం చేసినవి, సన్నగా దగ్గర దగ్గరగా ఉంటాయి. పచ్చి మామిడిలో పెడితే తడి పొట్టు పళ్ళ సందుల్లో ముద్దలా ఇరుక్కుపోతుంది, రంపం జారుతుందే తప్ప కొరకదు.

లాగే రంపానికి ఈ బాధ లేదు. లాగినప్పుడు రేకు బిగుసుకుంటుంది, వంగదు, కాబట్టి పల్చటి రేకు పెట్టినా సరిపోతుంది. పల్చటి రేకు అంటే తక్కువ చెక్క తొలవాలి, తక్కువ బలం చాలు. జపాన్ వాళ్ళు వడ్రంగానికి కూడా లాగే రంపాలే వాడతారు. హ్యోగో ప్రాంతంలో మికి, ఒనో అనే ఊళ్ళు పనిముట్లకి పేరున్నవి. చెట్లవాళ్ళు ఎక్కువగా చెప్పుకునే సిల్కీ రంపాల కంపెనీ 1919లో ఒనోలోనే మొదలైంది. నేను కొన్నది జపాన్ రంపమే, ఏ కంపెనీదో చెప్పను. చెప్తే అదే కొనమన్నట్టు అవుతుంది.

దానికీ నాలుగొందల రంపానికీ తేడా ఏంటో కళ్ళజోడు పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. చవక రంపంలో ఒక పన్ను కుడికి, పక్కది ఎడమకి కొంచెం వంచి ఉంటాయి. అలా వంచకపోతే రేకు కోతలో బిగుసుకుపోతుంది. ఖరీదైన దాంట్లో పళ్ళు వంచరు. పళ్ళ దగ్గర మందంగా, వీపు వైపు పల్చగా ఉండేలా రేకునే సానపడతారు. అందుకే అది కోసిన చోటు రందా పట్టినట్టు నున్నగా ఉంటుంది. పళ్ళ కొసలు మాత్రం విడిగా గట్టిపరుస్తారు, మిగతా రేకు మెత్తగానే ఉంటుంది. ఆ పళ్ళ మీద ఆకురాయి పెడితే జారిపోతుంది. అంటే పదును చాలా రోజులు నిలుస్తుంది, పోయాక మాత్రం మళ్ళీ పట్టలేం. రేకు మార్చుకోవాల్సిందే. రేకు ఒక్కటీ నాకు 2,900 పడింది. గట్టిపరిచిన పళ్ళు ఇప్పుడు అయిదొందల రంపాల్లోనూ వస్తున్నాయి. కాబట్టి "దీన్ని సానబెట్టించుకోవచ్చు కదా" అని చవకది కొనేవాళ్ళు కొనేముందు ఒకసారి ఆకురాయి గీసి చూసుకోవడం మంచిది.

ముందు గడియారం పెట్టి చూశాను. నాలుగంగుళాల పచ్చి బంగినపల్లి కొమ్మ, నేల మీద నిలబడి. చేతి రంపానికి రెండు నిమిషాలకి కాస్త తక్కువ. కొత్త చవక రంపానికి యాభై అయిదు సెకన్లు, అదే రంపం పది రోజులు వాడాక నిమిషం నలభై. జపాన్ రంపానికి ముప్ఫై అయిదు సెకన్లు, నెల తర్వాత నలభై అయిదు. ఇవి చూసి నేను ఎగిరి గంతేశాను. పని సగానికి తగ్గిపోతుందనుకున్నాను.

తగ్గలేదు. ఎందుకో తెలుసుకోవడానికి ఒక రోజంతా చెట్ల కింద కూర్చుని చూశాను. ఎనిమిది గంటల పనిలో రంపం నిజంగా చెక్కలో ఆడేది గంటన్నర కూడా లేదు. మిగతాదంతా ఎక్కడం, తాడు కట్టుకోవడం, ఏ కొమ్మ తియ్యాలో కింద నుంచి నేను అరవడం, పైనుంచి వాళ్ళు "ఇదా? దాని పక్కదా?" అని అరవడం, ఎర్ర చీమల గూడు తగిలితే దిగి ఒళ్ళు దులుపుకోవడం, తెగిన కొమ్మ వేరే కొమ్మకి తట్టుకుంటే లాగడం. రంపం రెండింతలు చురుగ్గా తెగినా ఆ గంటన్నరలోనే ఆదా. రోజు మొత్తంలో అది ఎంత?

ఈ తోటలో ఎక్కేవాళ్ళు ఇద్దరు. ఒకాయన యాభై దాటిన పెద్దాయన, నాతో మొదటి ఏడాది నుంచీ ఉన్నారు. రెండో అతను ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. మొదటి పది రోజులు జపాన్ రంపం కుర్రాడికిచ్చాను, పెద్దాయనకి కొత్త చవక రంపం. పది రోజులకి కుర్రాడు 71 చెట్లు చేశాడు, పెద్దాయన 60. రైతుగారు పుస్తకం చూసి "అమ్మో, పదకొండు చెట్లు తేడానా! అయితే రంపం ఖరీదు వచ్చేసినట్టే" అన్నారు. పెద్దాయన ఏమీ అనలేదు గానీ, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నెమ్మదిగా అన్నారు: "బాబూ, రంపాలు మార్చి చూడు. ఆడి వయసు నాకుందా?"

నిజమే. నా బుర్రకి తట్టని మాట అది. తర్వాతి పది రోజులు రంపాలు మార్చాను. చవక రంపంతో కుర్రాడు 66 చేశాడు. జపాన్ రంపంతో పెద్దాయన 64. అంటే కుర్రాడికి ఖరీదైన రంపం తెచ్చిపెట్టింది అయిదు చెట్లు, పెద్దాయనకి నాలుగు. ఏడు శాతం చుట్టుపక్కల. మొదట కనబడ్డ పదకొండు చెట్ల తేడాలో సగానికి పైగా మనిషిది, రంపానిది కాదు. యూట్యూబులో రంపాలు పోల్చే వీడియోలు చాలా చూశాను. మనుషుల్ని మార్చి చూపించినవాడు నాకొక్కడూ కనబడలేదు.

ఇప్పుడు డబ్బు. రెండు సీజన్లు, తొంభై పని రోజులు అనుకుందాం. జపాన్ రంపం 5,200, మధ్యలో ఒక రేకు 2,900, మొత్తం 8,100. రోజుకి తొంభై రూపాయలు. చవక రంపం 450, నా దగ్గర పన్నెండు రోజులకి మించి పనికొచ్చేలా ఏదీ నిలవలేదు. తొంభై రోజులకి ఎనిమిది రంపాలు, 3,600. రోజుకి నలభై. తేడా రోజుకి యాభై. చెట్టెక్కే మనిషికి నేనిచ్చే కూలి తొమ్మిదొందలు. అంటే పని అయిదున్నర శాతం పెరిగితే చాలు, ఖరీదు గిట్టుతుంది. ఏడు శాతం పెరిగింది. కాబట్టి గిట్టింది, బొటాబొటీగా. కింద కొమ్మలు లాగేవాళ్ళ కూలి ఈ లెక్కలో కలపలేదు. ఎన్ని చెట్లు కోస్తే అన్ని చెట్ల కొమ్మలూ వాళ్ళు లాగాల్సిందే, వాళ్ళ పని రంపంతో తగ్గేది కాదు.

ఈ లెక్కని తలకిందులు చేసింది ఇరవై మూడో రోజు. మధ్యాహ్నం టీ టైంలో కొమ్మలు లాగే అబ్బాయి ఒకడు సరదాగా రంపం తీసుకుని కింద పడిన కొమ్మ కోద్దామని కూర్చున్నాడు. వాడికి తెలిసిన రంపం వడ్రంగి రంపం. గట్టిగా ముందుకి తోశాడు. కొస ఇరుక్కుంది, పల్చటి రేకు నడుమన మడత పడింది. నేను చూసేసరికి దాన్ని మోకాలి మీద పెట్టి సరిచేస్తున్నాడు. సరిచేసిన రేకు అప్పటి నుంచీ తిన్నగా తెగలేదు, కోతలో పక్కకి పోతూనే ఉంది. ఇంకో 2,900 పెట్టి రేకు మార్చాను.

ఆ ఒక్క మడతతో ఖర్చు 11,000 అయింది. రోజుకి నూట ఇరవై రెండు. గిట్టాలంటే పని తొమ్మిది శాతం పెరగాలి, పెరిగింది ఏడే. అంటే చెట్ల లెక్కలో చూస్తే ఈ తోటలో నేను నష్టపోయాను. నలుగురి చేతుల్లో తిరిగే రంపానికి ఐదువేలు పెట్టకూడదని నాకు అర్థమైంది అప్పుడే. తప్పు ఆ అబ్బాయిది కాదు. రంపం ఒకరి పేరున పెట్టి, పని లేనప్పుడు ఒరలో పెట్టి ఆ మనిషి నడుముకే ఉంచమని చెప్పాల్సింది నేను. ఇప్పుడలాగే చేస్తున్నాం. పిడి మీద పెయింటుతో గుర్తు ఉంటుంది, ఇంకొకరు ముట్టుకోరు.

ఇంకో దెబ్బ ఒంటికి తగిలింది. జపాన్ రంపం చెక్కలోంచి బయటపడే చివరి లాగుడులో ఎదురు ఉండదు, చెయ్యి జోరు మీద ఉంటుంది. మొండి రంపానికి అలవాటైన కుర్రాడు ఎడమ చేత్తో కొమ్మని కోతకి దగ్గరగా పట్టుకుని ఉన్నాడు. రంపం ఎగిరి బొటనవేలి వెనక పడింది. మూడు కుట్లు, ఆరు రోజులు పని లేదు. ఆ ఆరు రోజుల కూలి నేనే ఇచ్చాను, అది 5,400. రంపం ధర కంటే ఎక్కువ. నూట యాభై రూపాయల చేతి తొడుగులు ముందే కొని ఉంటే సరిపోయేది. రంపం మీద ఐదువేలు పెడదామా వద్దా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది తాడు ఉందా, నడుం బెల్టు ఉందా, తొడుగులు ఉన్నాయా అని. అవి లేకపోతే రంపం మాట తర్వాత.

మరి ఇన్ని చెప్పి, ఆ రంపాన్ని ఇంకా ఎందుకు వాడుతున్నాను?

ఒక చెట్టు గురించి చెప్తాను. గేటు పక్కన మూడో వరసలో కలెక్టరు చెట్టు. నడుమన రెండు కొమ్మలు, చేతి మందాన ఒకటి, తొడ మందాన ఒకటి, ఇరుగ్గా ఒకదానికొకటి ఆనుకుని పైకి పోయాయి. చిన్నది తియ్యాలి. తియ్యాల్సిన చోటు ఎక్కడంటే, కొమ్మ మొదట్లో చెట్టుకి అంటుకునే చోట ఉంగరంలా కొంచెం ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బుని చెట్టుకి వదిలేసి సరిగ్గా దాని ముందు కొయ్యాలి. చెట్టు గాయాన్ని మూసుకునేది ఆ ఉబ్బు నుంచే. అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షిగో అనే ఆయన వేల చెట్లని నిలువునా కోసి చూసి ఈ విషయం గట్టిగా చెప్పారు. అంతకు ముందు మానుకి ఒరుసుకునేలా నున్నగా కోసెయ్యమనేవాళ్ళు, మా ఊళ్ళల్లో ఇప్పటికీ కొందరు అలాగే కోస్తారు. దానికి ఎదురు తప్పు మోడు వదిలెయ్యడం. నాలుగంగుళాలు వదిలితే ఆ మోడు ఎండి, పుచ్చి, పురుగుకి దారి ఇస్తుంది.

పెద్దాయన చేతి రంపంతో ఆ సందులోకి దిగబోయారు. రేకు అరచెయ్యి వెడల్పు, కొస మొద్దుగా ఉంది. దూరలేదు. ఆ చోట రేకు అటూ ఇటూ ఆడటానికి రెండంగుళాలు కూడా లేదు. "ఇంతకన్నా రాదు బాబూ" అని అయిదంగుళాల మోడు ఉంచి కోశారు. నేను జపాన్ రంపం పైకి అందించాను. దాని కొస సన్నం, వంపు ఉంది. సందులోకి పామై దూరింది. చిన్న చిన్న లాగుళ్ళతో నిమిషంలో మోడు ఊడి కింద పడింది. పడిన ముక్క తీసి చూస్తే కోత సరిగ్గా ఉబ్బు ముందు, కొంచెం ఏటవాలుగా, వేలితో రాస్తే నున్నగా ఉంది. దాని మీద సొన చుక్కలు చుక్కలుగా ఊరుతోంది.

ఆ తర్వాత పది చెట్ల మీద పెద్ద గాయాలన్నిటికీ పెయింటు చుక్క పెట్టించాను. మొత్తం 48. వాటిలో మూడంగుళాలు దాటి మోడు మిగిలినవి 14, అన్నీ చేతి రంపానివీ, మొండిబడిన చవక రంపానివీ. ఉబ్బు దగ్గర కుదిరినవి 34. అన్నిటికీ ఒకేలా గాయాలకి పూసే మందు, బోర్డో పేస్టు పూశాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, ప్లాస్టిక్ బకెట్లో కలిపినది. మళ్ళీ ఏడాది జూలైలో వెళ్ళి చూశాను. 14 మోళ్ళలో 9 పూర్తిగా ఎండిపోయాయి, మూడింటి కింద పొట్టు రాలి ఉంది. రంపపు పొట్టులా ఉంటుంది అది, కాండం తొలిచే పురుగు వదిలేది. తీగ పెట్టి లాగితే రెండింటిలో బొటనవేలంత లావు పిల్ల పురుగులు వచ్చాయి. 34 కోతల్లో పురుగు కనబడింది ఒక్కదాంట్లో. మిగతా వాటిలో చాలావాటికి చుట్టూ బెరడు వేలెడు మందాన పొర్లుకొచ్చి గాయం చిన్నబడుతోంది. పది చెట్లతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఆ మోళ్ళని మళ్ళీ ఎక్కి కోయించడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది, దానికి రైతుగారి దగ్గర డబ్బు అడగలేకపోయాను.

ఇక్కడ చవక రంపానికి అన్యాయం చెయ్యకూడదు. దాని కొస కూడా సన్నమే, వంపూ ఉంది. కొత్తలో అదీ ఆ సందులోకి దూరింది, అదే కోత కోసింది, కాస్త ఆలస్యంగా. తేడా వచ్చింది వారం తర్వాత. పళ్ళు మొండిబడగానే మనిషి తెలియకుండానే సుళువైన చోటు వెతుక్కుంటాడు. ఉబ్బు దగ్గర చెక్క గట్టిగా, మెలి తిరిగి ఉంటుంది. నాలుగంగుళాలు ఇవతలైతే తిన్నగా, మెత్తగా తెగుతుంది. సాయంత్రం నాలుగింటికి భుజం పీకుతున్నవాడు ఎక్కడ కోస్తాడో చెప్పక్కర్లేదు. చుక్కలు పెట్టిన మోళ్ళలో చవక రంపానివి ఏ పూట కోసినవో నా పుస్తకంలో చూస్తే, రెండు తప్ప అన్నీ మధ్యాహ్నం తర్వాతవి. పన్నెండో రోజుకి పారేసే రంపాన్ని ఏడో రోజుకే పారేస్తే ఈ గొడవ తగ్గుతుంది. తగ్గుతుందని తెలిసినా "ఇంకో మూడ్రోజులు లాగిద్దాం" అనుకోని మేస్త్రీ ఉంటాడా? నేనే లాగించాను.

ఖరీదైన రంపం ఒక కొత్త తప్పు కూడా తెచ్చింది, అదీ చెప్పాలి. బరువు కొమ్మని మూడు కోతల్లో తియ్యాలి. ముందు అడుగు దూరంలో కింద నుంచి మూడో వంతు, తర్వాత దానికి కొంచెం అవతల పైనుంచి పూర్తిగా, బరువు పోయాక ఉబ్బు దగ్గర అసలు కోత. అలా చెయ్యకపోతే కొమ్మ విరిగి పడేటప్పుడు బెరడుని నాలుకలా చీల్చుకుంటూ పోతుంది. మొండి రంపం ఉన్నప్పుడు కుర్రాడు బుద్ధిగా కింద కోత పెట్టేవాడు. జపాన్ రంపం చేతికొచ్చాక "ఒక్క లాగుడికే తెగిపోతోంది కదన్నా" అని పైనుంచే నరికేశాడు. రెండు చెట్లకి మానుమీద బారెడు పొడవున బెరడు ఊడింది. ఆ రెండూ ఏడాది తర్వాత కూడా జిగురు కారుతూనే ఉన్నాయి. రైతుగారు గేటు తీసిన ప్రతిసారీ ముందు వాటి వైపే చూస్తారు. ఆ గాయాలు మానడానికి ఏళ్ళు పడుతుంది.

సొన గురించి ఒక మాట. మామిడి సొన రేకు మీద నల్లగా బంకలా అంటుకుని ఎండితే కొత్త రంపం కూడా మొండి రంపమే. ఖరీదైన దానికి క్రోమ్ పూత ఉంది కాబట్టి సాయంత్రం డీజిల్ గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది, తుప్పూ తక్కువ. చవక రంపానికి వానాకాలంలో ఒక్క రాత్రి తుడవకుండా వదిలినా ఎర్రగా పొక్కుతుంది. మా వాళ్ళు పన్నెండు రోజులకి పారేసే వాటిలో కొన్ని పళ్ళు పోయి కాదు, తుప్పు పట్టి. రోజూ తుడిస్తే అవి ఇంకో నాలుగు రోజులు వస్తాయి. రెండో సీజన్లో తుడిపించాను, వచ్చాయి.

మధ్యలో నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని, ఆన్‌లైన్‌లో జపాన్ అక్షరాలున్న ఫొటో చూసి పదకొండు వందలకి ఒకటి తెప్పించడం. మూడో రోజుకి పిడి దగ్గర మేకు వదులై రేకు ఊగడం మొదలైంది. దానికి మార్చే రేకు ఎక్కడా దొరకదు. రేకు విడిగా దొరకని రంపానికి నాలుగొందలకి మించి పెట్టడం దండగ.

రెండో సీజన్లో ఇదే తోటకి వెళ్ళినప్పుడు మా సంచిలో ఉన్నవి ఇవి. జపాన్ రంపాలు రెండు, పెద్దాయనకొకటి, కుర్రాడికొకటి, తలా ఒక అదనపు రేకు. ఎండుకొమ్మలకీ, నేల మీద ముక్కలు చెయ్యడానికీ చవక రంపాలు ఆరు. ఎండు మామిడి చెక్క పచ్చిదానికన్నా గట్టి, దాని మీద ఖరీదైన పళ్ళు విరగ్గొట్టుకోవడం నాకిష్టం లేదు. మట్టి అంటిన కొమ్మ దేనికైనా జపాన్ రంపం తగలకూడదని కుర్రాడే రూల్ పెట్టాడు. ఆ సీజన్లో రేకు ఒక్కటీ వంగలేదు. ఇద్దరిలో ఎవరు ఎన్ని చెట్లు చేశారో లెక్క రాయడం మానేశాను. పెద్దాయన భుజానికి రాత్రిళ్ళు రాసుకునే మందు ఆ ఏడాది కొనలేదని వాళ్ళావిడ చెప్పింది. నా పుస్తకంలో దానికి గడి లేదు.

రైతుగారు ఆఖరి రోజు డబ్బులు లెక్కపెడుతూ అడిగారు. "మరి నేనూ ఒకటి కొనుక్కోనా? మధ్యలో చిన్న చిన్నవి కోసుకోవడానికి?"

"మీరేడాదికి ఎన్ని కొమ్మలు కోస్తారండీ?"

ఆయన కాసేపు ఆలోచించి "పాతిక, ముప్ఫై" అన్నారు.

నా సంచిలోంచి వాడని చవక రంపం ఒకటి తీసి ఇచ్చాను. నాలుగొందల యాభై, లెక్కలో తగ్గించుకోమన్నాను. తుడవడానికి డీజిల్ గుడ్డ కూడా ఇవ్వబోతే, ట్రాక్టర్ షెడ్డులో చాలా ఉన్నాయిలే అన్నారు.